నచ్చిన పాట, నలుగురి పాట



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా ఏర్పాటయిందో ఆ పెద్దాయన తన పేరు ఎక్కడా చెక్కించవద్దని ఇంట్లోవాళ్ళ దగ్గర మాట తీసుకుని వెళ్ళారు. అందుకని ఆహ్వాన పత్రికలో వేసినట్టే నేనూ ఆయన్ని మాస్టారు అనే అంటాను. మనలో నలభై దాటినవాళ్ళకు వేరే పేరు అక్కర్లేదు కూడా. వారమంతా ఎలిమెంటరీ స్కూల్లో నల్లబల్ల ముందు, ఆదివారం గుడిలో హార్మోనియం ముందు, ఆయన జీవితమంతా నేర్పడంలోనే గడిచింది. నేను ఆయన చేతికింద పదమూడేళ్ళు పాడాను. తర్వాత కాలేజీల్లో తెలుగు చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగినా, పాట గురించి నాకున్న ఆలోచనల్లో సగం ఆయన దగ్గర మొదలైనవే. మిగతా సగం ఆయనతో వాదించి తెచ్చుకున్నవి.

ఆయనకొక అలవాటు ఉండేది. పాట మూడో చరణానికి వచ్చేసరికి హార్మోనియం మీంచి చేతులు తీసేసేవారు. తబలా అబ్బాయికి కళ్ళతోనే సైగ చేసేవారు, అతనూ ఆపేసేవాడు. ఇక గుడిలో ఉన్నది మనుషుల గొంతు ఒక్కటే. ఆ గొంతు నిలబడితే ఆయన ముఖం వెలిగేది. అది సన్నగిల్లి ముందు వరుసలోని నలుగురి గొంతుగా మిగిలిందా, మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ పాట ముందేసుకుని కూర్చునేవారు. శ్రుతి ఎక్కువైందా? చరణం పొడుగైందా? మాట అర్థం కాలేదా? నేర్పడంలో నావల్ల లోటు జరిగిందా? ఆయన వేసుకోని ప్రశ్న ఒక్కటే, ఈ పాట నాకు నచ్చిందా అని. ఆయన వేసుకోని ఆ ప్రశ్న గురించే ఈ సాయంత్రం మాట్లాడాలని వచ్చాను.

సంఘంలో పాటల గొడవ మీకు కొత్త కాదు. మా చిన్నప్పటి గుడిలో ఒక ఏడు అది పెద్దల సమావేశం దాకా పోయింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తప్ప వేరే పాట వద్దని పెద్దవాళ్ళు. క్యాసెట్లలో వచ్చిన పాటలు కావాలని కుర్రవాళ్ళు. చివరికి పొలం పంచినట్టు పంచారు. ఆరాధనకు నాలుగు పాటలు, రెండు పాతవి, రెండు కొత్తవి. గొడవ చల్లారింది కానీ ఆ రోజు విన్న మాట ఒకటి నన్ను వదల్లేదు. "ఆ పాటల్లో ఆత్మ లేదండీ" అన్నారు పెద్దవాళ్ళు. కాసేపటికి కుర్రవాళ్ళూ అచ్చం అదే మాట అన్నారు. పరిశుద్ధాత్మ పేరు పెట్టి ఇద్దరూ అన్న ఆ మాటను విప్పి చూస్తే లోపల ఉన్నది "నాకు ఆ పాట అలవాటు లేదు" అన్నదే. అలవాటు లేదని చెప్పుకోవడంలో సిగ్గేమీ లేదు. దాన్ని దేవుడి తీర్పుగా చెప్పడం మాత్రం పెద్ద తప్పు.

ఆ పంపకం ఇప్పటికీ చాలా సంఘాల్లో నడుస్తోంది. కొన్నిచోట్ల ఆరాధనలే రెండు చేశారు. తెల్లవారుజామున కీర్తనల ఆరాధన, ఎండెక్కాక యూత్ వర్షిప్. నాకున్న బాధ ఏమిటంటే, ఈ ఏర్పాటు ఎవరికి ఏది ఇష్టమో లెక్క తేల్చి అక్కడితో ఊరుకుంటుంది. పాతవాటిలో ఏది తాలు, కొత్తవాటిలో ఏది గింజ అని చెరిగి చూసేవాళ్ళు లేరు. తాత ఒక పూట పాడతాడు, మనవరాలు ఇంకో పూట పాడుతుంది. ఒకరి పాట ఒకరికి రాదు.

ఇష్టానికీ భక్తికీ మధ్య పడిన ఈ పీటముడి ఈనాటిది కాదు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణానికి బిషప్పుగా ఉన్న అగస్టీను నాలుగో శతాబ్దం చివర రాయడం మొదలుపెట్టిన తన 'ఒప్పుకోలు' పదో భాగంలో దీనితోనే పెనుగులాడాడు. పాడుతున్న విషయం కంటే పాడుతున్న గొంతే తనను ఎక్కువ కదిలిస్తే తాను పాపం చేసినట్టేనని, అలాంటప్పుడు ఆ పాట వినకపోవడమే మేలని రాసుకున్నాడు. అలెగ్జాండ్రియాలో బిషప్పు అథనాసియస్ కీర్తనలను పాటగా కాక దాదాపు చదువుగానే పలికించేవాడని విని, అదే క్షేమమేమో అనుకున్నాడు. అంతలోనే తాను విశ్వాసంలోకి వచ్చిన తొలిరోజుల్లో సంఘం పాట విని కార్చిన కన్నీళ్ళు గుర్తొచ్చాయి. పాట ఉండాల్సిందేనన్నాడు. ఆ పేజీల్లో ఆయన అటూ ఇటూ ఊగుతూనే ఉంటాడు, నాకు ఆ ఊగిసలాట మీదే గౌరవం. చెవికి తగిలిన తీపికి భక్తి అని పేరు పెట్టుకోవడానికి ఆయన తొందరపడలేదు. "ఇవాళ వర్షిప్ అదిరింది" అనుకుంటూ గుడి మెట్లు దిగేటప్పుడు మనమూ ఒక్క నిమిషం ఆగి, అదిరిందేమిటో చూసుకోవచ్చు. కొన్నాళ్ళు అది డ్రమ్స్. కొన్నాళ్ళు అది పాత కీర్తనలో వినిపించిన మన నాయనమ్మ గొంతు. రెండూ తీపే. రెండింటిలో ఏదీ పాట మంచిదనడానికి సాక్ష్యం కాదు.

పాతపాట పక్షాన నిలబడేవాళ్ళకు, నేనూ వాళ్ళలోవాణ్ణే కాబట్టి చనువుతో, ఒక సంగతి గుర్తుచేస్తాను. మన కీర్తనల పుస్తకంలోని ప్రతి పాటా ఒకనాడు కొత్తపాటే. ఆ కీర్తనకారుల్లో ఒకరైన పురుషోత్తమ చౌదరి గారు 1803లో గంజాం ప్రాంతంలో ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో బాప్తిస్మం పొందారు. 1890 దాకా బతికారు. ఆయన క్రీస్తు మీద కీర్తనలు కట్టడం మొదలుపెట్టే నాటికి తిరువయ్యూరులో త్యాగరాజస్వామి ఇంకా పాడుతూనే ఉన్నారు. త్యాగరాజు కన్నుమూసింది 1847లో. అంటే పల్లవి, అనుపల్లవి, చరణం అనే అచ్చు అప్పటికి గ్రంథాల్లోది కాదు, తెలుగువాడి నోట ఆడుతున్నది. చౌదరి గారు సిలువ కథను ఆ అచ్చులో పోశారు. అటు తమిళంలో తంజావూరు వేదనాయగం శాస్త్రి (1774–1864) చేసినదీ ఇలాంటి పనే. పరాయి బాణీలో ప్రార్థించడమే భక్తి అనుకునే వీలున్న కాలంలో, మన రాగం దేవుడికి పనికొస్తుందని వాళ్ళు నమ్మారు. ఇవాళ మనం సంప్రదాయం అని పిలుచుకుంటున్నది ఆనాటి వాళ్ళ తెగువ.

కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. కొన్నిచోట్ల 'చాయ' అని ఇంకో పాట మొదలు ఇచ్చి ఉంటుంది. ఆ పాట తెలిసినవాళ్ళు దాని నడకలోనే దీన్నీ పాడుకోవచ్చన్నమాట. దావీదు కీర్తనల శీర్షికల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ప్రధాన గాయకుడికి ఫలానా రాగం మీద పాడమని చెప్పే మాటలుంటాయి. 57, 58, 59, 75 కీర్తనలకు నాలుగింటికీ ఒకే పేరు ఇచ్చారు. తెలిసిన బాణీ మీద కొత్త మాటను ఎక్కించడం యెరూషలేములోనూ జరిగిందనడానికి అది ఆనవాలు. కాబట్టి బాణీ భజన నుంచి వచ్చిందా, విలాయతు నుంచి వచ్చిందా, గిటారు మీద పుట్టిందా అన్నదాన్ని బట్టి పాటను తోసేయడం కుదరదు. వచ్చిన బాణీ మన మాటతో ఎలా కాపురం చేస్తోందన్నది చూడాలి.

ఇక్కడ నేను కొంచెంసేపు ఆగుతాను. పాట నాణ్యం అనేది ఒకటి నిజంగా ఉందని, అది ఇష్టాయిష్టాల్లో కరిగిపోయేది కాదని చూపించగలిగేది ఇక్కడే.

ఇంగ్లీషు హిమ్నుల నడక అక్షరాల లెక్క మీద, ఊనిక మీద నడుస్తుంది. పాదానికి ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు అని లెక్క కుదిరితే చాలు, ఒక పాట మాటలను ఇంకో పాట బాణీలో పాడేయవచ్చు. తెలుగు అలా ఒప్పుకోదు. మనది గురువు, లఘువు తూకం. హ్రస్వాన్ని దీర్ఘం చేస్తే మనకు ఉచ్చారణ మారి ఊరుకోదు, అర్థమే మారిపోతుంది. 'దిన' అన్నచోట మొదటి అక్షరం మీద బాణీ నిలబడిపోతే 'దీన' అని వినపడుతుంది. 'విధి' వీధిలో పడుతుంది. అన్నిటికంటే బాధాకరమైనది చెబుతాను. రక్షకుడి 'మరణం' గురించి పాడుతూ 'మ' మీద సాగదీస్తే 'మారణం' అవుతుంది. చావుకూ చంపడానికీ తేడా పోతుంది. శుభశుక్రవారం నాడు ఈ పొరపాటు విని నేను చాలాసార్లు తల వంచుకున్నాను.

పాటలో అక్షరం సాగకుండా ఎలా ఉంటుందని మీరు అడగవచ్చు. సాగుతుంది. మంచి వాగ్గేయకారుడు ఆ సాగడాన్ని దీర్ఘం మీదికో, మాట పూర్తయిన చోటికో తోలుతాడు. మాట నడుమ ఊపిరి తీసుకోవాల్సిన అవసరం రాకుండా చూస్తాడు. లూథరు 1524లో ఎనిమిదంటే ఎనిమిదే పాటల చిన్న పుస్తకంతో జర్మన్ సంఘగానానికి దారి తీశాడు. ఆ మరుసటి ఏడు రాసిన ఒక గ్రంథంలో ఆయన చెప్పింది ఇదే. లాటిన్ బాణీ అలాగే ఉంచి జర్మన్ మాటలు తగిలిస్తే సరిపోదని, మాట, స్వరం, ఊనిక, నడక అన్నీ తల్లిభాషలోంచే రావాలని, లేకపోతే అది కోతి చేష్టేనని ఘాటుగానే అన్నాడు. మన అనువాద గీతాల్లో కొన్ని అలా తగిలించినవే, వాటిని వందేళ్ళుగా పాడుతున్నామన్న ఒక్క కారణంతో మంచివి అనలేం. ఇప్పటి కొత్తపాటల్లో చాలావాటికీ ఇదే జబ్బు. సినిమా పద్ధతిలో ముందు ట్యూన్ కట్టి, తర్వాత మాటలు కూరుస్తారు. వందేళ్ళ కిందటి అనువాదకుడూ ఇవాళ్టి కీబోర్డు కుర్రవాడూ ఒకే చోట తడబడుతున్నారు. పాత, కొత్త అన్న గీత ఎంత పనికిమాలినదో ఇక్కడ తెలుస్తుంది.

మాట తీరు సంగతి కూడా చెప్పాలి. ఆత్మతోనూ పాడతాను, మనసుతోనూ పాడతాను అన్నాడు పౌలు కొరింథువారికి. మన పాత కీర్తనల్లో కొన్ని సమాసాలు ఎంత పొడుగంటే, ఎక్కడ విరవాలో తెలియక పిల్లలు అర్థం లేని రెండు ముక్కలు చేసి పాడతారు. ఏళ్ళ తరబడి పాడి, ఆ మాటకు అర్థం తెలియకుండానే వృద్ధులైనవాళ్ళు ఉన్నారు. మాస్టారు దీనికి కనిపెట్టిన మందు తేలికైనది. శనివారం సాయంత్రం ప్రాక్టీసులో పాట ఎత్తుకునే ముందు దాన్ని వచనంలో చెప్పించేవారు. "నీ మాటల్లో చెప్పు బాబూ" అనేవారు. చెప్పలేకపోతే ఆ వారం ఆ పాట లేదు. కొత్తపాటలకు ఈ పరీక్ష పెడితే ఇంకోరకం చిక్కు బయటపడేది. సమాసాలు ఉండవు, అర్థం కాని మాట ఒక్కటీ ఉండదు. కానీ చెప్పమంటే రెండు వాక్యాల్లో పాటంతా అయిపోయేది. యేసయ్యను పిలవడం, నీవే నాకు అన్నీ అనడం. ఏం చేశాడు, ఎవరికి చేశాడు, ఎందుకు చేశాడు అన్నది ఉండదు.

పదే పదే పాడటం తప్పని మాత్రం నేను అనను. 136వ కీర్తనలో 26 వచనాలున్నాయి. 26 సార్లూ రెండో సగం ఒకటే. కానీ ఆ మొదటి సగాల్లో సృష్టి ఉంది, ఐగుప్తు ఉంది, ఎర్రసముద్రం, అరణ్యం, ఓడిన రాజుల పేర్లు ఉన్నాయి. ప్రతిసారీ వల్లించే కృతజ్ఞతకు ప్రతిసారీ ఒక కొత్త కారణం ఉంది. కారణం లేని పునరుక్తి వేరు.

అలాగే 'నేను' అనే పాటలు స్వార్థపు పాటలనీ, 'మేము' అనేవే సంఘం పాటలనీ కొందరు పెద్దలు గీత గీస్తారు. దావీదు కాపరి కీర్తన మొత్తం 'నా' మీదే నడుస్తుంది. గీత అక్కడ కాదు గీయాల్సింది. నేను నిలబడి 'నా' అని పాడినప్పుడు నా పక్కనున్న మనిషికీ ఆ 'నా'లో చోటు ఉందా అన్నది చూడాలి. ఎ.బి. మాసిలామణి గారు (1914–1990) నావ నడిపించమని ప్రభువును వేడుకునే పాట ఒకటి రాశారు, మీ అందరికీ నోటికి వచ్చినదే. అందులో మాట్లాడేది ఒక్క మనిషే. రాత్రంతా కష్టపడి ఏమీ దొరకని జాలరి. లూకా సువార్త అయిదో అధ్యాయంలోని ఆ ఖాళీ వల మన కోస్తాలో ప్రతి పల్లెకారుడికీ తెలుసు, పడవ ఎక్కనివాడికీ తెలుసు. మాటలు చిన్నవి, నడక నీళ్ళ మీద తెడ్డులా ఒక్క తీరున సాగుతుంది, ఓటమిని దాచకుండా ఒప్పుకుంటుంది. నా దృష్టిలో సంఘం పాటకు ఉండాల్సినవన్నీ ఉన్న పాట అది. దాన్ని కొత్తపాటల్లో వేయాలా, పాతపాటల్లో వేయాలా అని మా గుడిలో ఎవరూ తగువు పడలేదు.

ఓటమిని ఒప్పుకునే పాటలు తగ్గిపోతున్నాయి. 150 కీర్తనల్లో 88వది చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది, ఒక్క ఓదార్పు మాటైనా చివర తగిలించలేదు. ఆ కీర్తనను పరిశుద్ధ గ్రంథంలో ఉంచినవాళ్ళకు మనుషుల బాధ తెలుసు. ఇప్పటి మన స్తుతి ఆరాధనలో విజయం ఉంది, ఆశీర్వాదం ఉంది, హెచ్చింపు ఉంది. మిర్చి పంట కళ్ళముందే కుళ్ళిపోయిన రైతు, బిడ్డను మట్టికిచ్చి వచ్చిన తల్లి ఆ ఆదివారం ఏ పాట పాడాలి? చప్పట్లు కొట్టలేని మనిషికి గుడిలో పాట లేకుండా చేయడం క్రూరత్వం. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

పాడగలగడం అన్న సంగతికి వస్తాను. 1978లో 'కరుణామయుడు' వచ్చింది. సిలువ మోసుకుపోయే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ గారు రాసిన పాటను ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పాడారు. ఆ పాట తెరమీంచి దిగి గుడిలోకి నడిచి వచ్చింది. శుభశుక్రవారం ఒక మంచి గొంతు దాన్ని అందుకుంటే గుడి అంతా కన్నీళ్ళతో వింటుంది. ఆ కన్నీళ్ళు నావీ ఉన్నాయి. కానీ గమనించండి, వింటుంది. అది కథ చెప్పే పాట, ఒకరు చెబితే వందమంది వినాల్సిన పాట. దాని పని అది గొప్పగా చేస్తోంది. క్యాసెట్లు వచ్చాక, తర్వాత యూట్యూబ్ వచ్చాక జరిగిందేమిటంటే, వినడానికి కట్టిన పాటలే పాడటానికి కూడా పెట్టడం మొదలైంది. స్టూడియోలో గాయకుడి గొంతుకు తగిన శ్రుతి, ట్రాక్‌లో అదే. సంఘంలో మగవాళ్ళు పై స్వరాలకు అందక మానేస్తారు, ఆడవాళ్ళు కింది స్వరాల్లో మునిగిపోతారు. సగటు మనిషి గొంతు హాయిగా తిరిగేది ఒక స్థాయి, మహా అయితే ఇంకో రెండు స్వరాలు. పల్లవికీ చరణానికీ మధ్య నిమిషంసేపు మ్యూజిక్ వస్తుంటే మనుషులు చేతులు కట్టుకుని నిలబడతారు. మళ్ళీ ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక స్టేజీ వైపు చూస్తారు. అలా చూడటం అలవాటైన సంఘం నెమ్మదిగా ప్రేక్షకులవుతుంది.

జాన్ వెస్లీ 1761లో ఒక పాటల పుస్తకానికి సూచనలు రాశాడు. అందరూ పాడండి, ధైర్యంగా పాడండి, అయితే మీ గొంతు మిగతావాళ్ళకంటే పైకి వినపడేలా అరవకండి, ఈడ్చుకుంటూ పాడకండి, అన్నిటికీ మించి ప్రతి మాటలోనూ దేవుణ్ణి మనసులో పెట్టుకోండి అని వాటి సారం. మైకు పుట్టకముందు రాసిన మాటలివి. వర్షిప్ టీమ్ పిల్లలను నేను కోరేది ఒక్కటే. మీకు దేవుడిచ్చిన గొంతు చాలా మంచిది. మూడో చరణంలో ఒక్కసారి మైకు దించి వినండి. ట్రాక్ ఆపమని సౌండు అబ్బాయికి ముందే చెప్పి పెట్టండి. మీకు వినపడేదాన్ని బట్టి వచ్చే వారం పాట ఎంచుకోండి. శ్రుతి రెండు మెట్లు దించితే మీ గొంతు మెరుపు కొంచెం తగ్గవచ్చు, వెనక బల్లల్లోని అమ్మల గొంతు లేస్తుంది.

ఇంత చెప్పాక నా సొంత సంగతి ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక కొత్తపాట మా వైపు ఊళ్ళన్నిటా మారుమోగింది. అందులో దేవుణ్ణి 'నీవు' అని పిలిచి, క్రియ దగ్గరికి వచ్చేసరికి 'కాపాడెను' అని ముగించారు. తెలుగు చెప్పుకుని బతికినవాణ్ణి, నాకు ఒళ్ళు మండింది. ఒక సభలో ఆ పాటను పేరు పెట్టి మరీ చీల్చి చెండాడాను. "కర్తకూ క్రియకూ పొత్తు లేని పాట దేవుడికి ఎలా అర్పిస్తారు" అన్నాను. ఆ ఏడే మా పిన్ని ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకున్నారు. పిన్ని బడి మొహం చూడలేదు. నాట్లకు, కలుపులకు వెళ్ళి పిల్లల్ని చదివించింది. పాట ఎత్తమంటే ఆ పాటే ఎత్తింది. పుస్తకం లేదు, ఫోను లేదు, నాలుగు చరణాలూ పాడింది. నేను ఆ క్రియ కోసం పళ్ళు బిగించి కాచుకుని కూర్చున్నాను. అక్కడికి వచ్చి "కాపాడావు" అని పాడి ముందుకు సాగిపోయింది. నాలుగు చోట్ల తప్పు ఉంటే నాలుగు చోట్లా అలాగే పాడింది. తను మార్చానన్న సంగతి ఆమెకు తెలియదు. ఎదురుగా ఉన్నవాడితో మాట్లాడుతున్న మనిషి నోట 'కాపాడెను' ఎలా వస్తుంది?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు తప్పే, నేను అన్నది వెనక్కు తీసుకోను. రాసేవాళ్ళు తెలుగు నేర్చుకుని రాయాలి, పాస్టర్లు పాటను గుడిలోకి రానిచ్చే ముందు ప్రసంగాన్ని సరిచూసుకున్నంత శ్రద్ధగా సరిచూడాలి. అయినా నేను వెతికింది తప్పు కోసం. పిన్ని పాడింది తనను కాపాడినవాడికి. పాటను సంఘం ఒట్టినే మోయదు, మోస్తూ మోస్తూ నునుపు చేస్తుంది. ఏటి రాయి నునుపెక్కినట్టు మన కీర్తనలూ ఎందరి నోళ్ళలోనో అరిగి ఈ రూపానికి వచ్చి ఉంటాయి. నచ్చలేదని నేను నోరు మూసుకుంటే ఆ పనిలో నా చెయ్యి ఉండదు.

కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు కీర్తనలు, సంగీతాలు, ఆత్మ సంబంధమైన పద్యాలు అని మూడు రకాలు చెబుతూ, వాటితో ఒకరికొకరు బోధించుకోమన్నాడు. ఒకరికొకరు అన్న ఆ మాట మనం సరిగా వినలేదు. మా పిన్ని ఆ రాత్రి నాకు బోధించింది. నేను పాడే కీర్తన ఆమెకు బోధించాలంటే ముందు దాన్ని ఆమెకు నేర్పాలి, అర్థం చెప్పాలి, ఓపిక పట్టాలి. ఆమె పాట నేను నేర్చుకోవాలి. పూటలు పంచుకుంటే ఇది జరగదు.

మాస్టారు వెళ్ళిపోయిన మూడో నెలలో వారి అమ్మాయి నన్ను ఇంటికి పిలిచి ఆయన కీర్తనల పుస్తకం చేతిలో పెట్టింది. అట్ట ఊడిపోతే మైదాపిండితో అతికించిన పుస్తకం. ప్రతి పాట పక్కనా పెన్సిలు గీతలు, ఎన్నిసార్లు పాడించారో ఆ లెక్క. కొన్ని పాటల నెత్తిన, రాగం పేరు పక్కన, చిన్న చుక్క ఉంది. చుక్కలేమిటమ్మా అని అడిగాను.

"అవి నాన్నగారికి పడని పాటలు అన్నయ్యా. ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలియదు" అంది.

నేను పేజీలు తిప్పాను. మూడు శనివారాలు కూర్చోబెట్టి, ఒక్కో మాటా విప్పి చెప్పి, మాకు నేర్పిన పాట ఒకటుంది. అది ఆయనకు ప్రాణమని మేమంతా అనుకునేవాళ్ళం. దాని మీద చుక్క ఉంది. భూస్థాపన నాడు అమ్మగారు అడిగి పాడించుకున్న పాట దగ్గరికి వచ్చాను. ఆ రోజు సమాధుల తోటలో హార్మోనియం లేదు, మైకు లేదు. ముసలివాళ్ళూ పిల్లలూ చివరి చరణం దాకా పాడారు, ఎవరూ పుస్తకం తెరవలేదు. దాని మీదా చుక్క ఉంది. పక్కన పెన్సిలు గీతలు లెక్కపెట్టాను. 47 ఉన్నాయి.